కలిసి తీసే వీడియోలో ఎవరి ముఖం, ఎవరి గొంతు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటి విషయం ఒకటే కావడంతో, వాటికి ఇక్కడ వరుసగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేము నలుగురం చిత్రకారులం, వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చినవాళ్లం. అస్తిత్వం మీద కలిసి ఒక వీడియో తీయాలనుకున్నాము. ఎవరి కథను వారు కెమెరా ముందు చెప్పుకున్నాము గాని, అవన్నీ వరుసగా పెట్టి చూస్తే నాలుగు విడి వీడియోల్లాగే ఉన్నాయి. పైగా ఎడిటింగ్ తెలిసిన మిత్రుడే అన్నీ నిర్ణయిస్తున్నాడన్న అసంతృప్తి మాలో మొదలైంది. ఇది ఒకే కృతి కావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు రెండు సమస్యలుగా రాసినవి నాకు ఒకటిగానే కనిపిస్తున్నాయి. అస్తిత్వం గురించిన వీడియోలో మనిషి ఎవరన్నది కెమెరా ముందు కన్నా ఎడిటింగ్ టేబుల్ మీదే ఎక్కువగా తేలుతుంది. అరగంట మాట్లాడిన మనిషిలో ఏ రెండు నిమిషాలు మిగిలాయి, ఆమె తడబాటును ఉంచారా తీసేశారా, ఆమె ముఖం తర్వాత ఎవరి ముఖం వచ్చింది అన్న నిర్ణయాలే ప్రేక్షకుడి మనసులో ఆమె రూపాన్ని నిలబెడతాయి. ఆ పని ఒక్కరి చేతిలో ఉన్నంతకాలం, ఆయన ఎంత మంచి మనసుతో చేసినా, మిగతా ముగ్గురూ ఆయన వీడియోలో పాత్రలుగానే ఉండిపోతారు. మీ అసంతృప్తిని అహంకారమని మీరే తోసిపుచ్చుకోకండి. అది కృతికి సంబంధించిన న్యాయమైన అభ్యంతరం.

ఇక కథలను ఒకటి చేయడం కోసం నలుగురిలోనూ ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతకవద్దని నా సలహా. అలా వెతికితే ఎవరికీ పూర్తిగా చెందని కొన్ని మంచి మాటలు మాత్రమే మిగులుతాయి. ఉమ్మడిగా ఉండవలసింది నియమం. 1999లో పియర్ హ్యూగ్, ఫిలిప్ పరెనో అనే ఇద్దరు ఫ్రెంచ్ కళాకారులు ఒక జపాన్ సంస్థ నుంచి ఆన్‌లీ అనే పాత్ర హక్కులను 46,000 యెన్లకు కొన్నారు. మాంగా అనే జపాన్ బొమ్మల కథలకూ యానిమేషన్‌కూ అమ్మడానికి తయారైన బొమ్మల్లో అది చవక రకం. గతం గాని, ప్రత్యేకమైన స్వభావం గాని లేని ఒక అమ్మాయి బొమ్మ. ఆ ఇద్దరూ చెరొక వీడియో తీశాక, డొమినిక్ గొంజాలెజ్ ఫోర్‌స్టర్, లియామ్ గిలిక్, రిర్‌క్రిట్ తిరవనిజ వంటి తోటి కళాకారులకు ఆ పాత్రను ఉచితంగా ఇచ్చి, ఎవరికి తోచిన మాటలు వారు ఆమె చేత పలికించవచ్చన్నారు. గొంతులు మారాయి, మాటలు మారాయి, పాత్ర మాత్రం మారలేదు. ఆ ఒక్క నియమం వల్ల, ఏ కళాకారుడూ తన పద్ధతిని వదులుకోకుండానే, ఇందరు మాట్లాడించిన ఈమె అసలు ఎవరన్న ప్రశ్న ఆ కృతులన్నిటినీ ఒక్కతాటిపైకి తెచ్చింది. 2002లో, ఇకపై ఆమె బొమ్మను ఎవరూ వాడుకోకూడదన్న ఉద్దేశంతో, హక్కులను ఆ పాత్ర పేరిటే రాసిచ్చారు. ఆ కృతి మొత్తం ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నగరంలో, వాన్ అబ్బే మ్యూజియం సేకరణలో ఉంది. మనిషి బొమ్మ మీద హక్కు ఎవరిదన్న విషయాన్ని చట్టపరమైన చిక్కుగా పక్కన పెట్టకుండా కృతిలోనే భాగం చేయడం నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మీ నియమం ఇంకా సరళంగా ఉండవచ్చు. బ్రిటిష్ కళాకారిణి జిలియన్ వేరింగ్ 1997లో తీసిన ఒక చిన్న వీడియోలో తల్లి మాటలకు కొడుకులూ, కొడుకుల మాటలకు తల్లీ పెదవులు కదుపుతారు. తన గురించి పిల్లలు చెప్పిన కఠినమైన మాటలు ఆ తల్లి నోటినుంచే రావడం చూస్తున్నప్పుడు, ముఖాన్నీ గొంతునూ విడదీయడమన్న ఒక్క పని ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలుస్తుంది. మీ నలుగురి విషయంలో నేను సూచించేది మాత్రం మరొకటి: ఎవరి ఫుటేజ్‌ను వారు ఎడిట్ చేసుకోకూడదు, ప్రతి ఒక్కరూ మరొకరిది చేయాలి. మొదటి ఎడిట్ చూసిన మనిషి ఎక్కడైనా “ఇది నేను కాను” అంటే, ఆ చోటును గుట్టుగా సరిదిద్దకుండా, ఆ అభ్యంతరాన్ని ఆమె గొంతుతోనే రికార్డు చేసి అక్కడే వినిపించండి. తనకు హాని చేస్తుందనుకున్న భాగాన్ని పూర్తిగా తీసివేయించే హక్కు మాత్రం ప్రతి ఒక్కరికీ ఉండాలి, దానికి కారణం అడగకూడదు. టెక్నిక్ తెలిసిన మీ మిత్రుడు మిగతావారికి నేర్పుతూ పక్కన కూర్చోవడం వల్ల పని నెమ్మదిస్తుందేమో గాని, ఆ ఆలస్యాన్ని భరించాలి.

ఒప్పందాన్ని కాగితం మీద పెట్టడానికి మొహమాటపడకండి. పన్నెండేళ్లు కలిసి బతికి, కలిసి ప్రదర్శనలిచ్చి, వీడియోలు తీసిన మరీనా అబ్రమోవిచ్, ఉలాయ్ అనే కళాకారుల జంట ఉమ్మడి కృతుల వివాదం చివరికి ఆమ్‌స్టర్‌డామ్ కోర్టుకు చేరి, మరీనా ఉలాయ్‌కు 2,50,000 యూరోలు చెల్లించాలని 2016లో తీర్పు వచ్చింది. మూల ఫుటేజ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరైనా బయటికి వెళితే వారి భాగం ఏమవుతుంది, కృతి అమ్ముడైతే పంపకం ఎలా, పేర్లు ఏ వరుసలో వస్తాయి అన్నవి షూటింగ్ మళ్లీ మొదలయ్యేలోపే రాసుకోండి.

ప్రశ్న: మా వీడియోలో కళాకారులు కాని కొందరు తమ అనుభవాలు చెప్పారు. వారిలో ఇద్దరు ముఖం చూపించడానికి ఇష్టపడడం లేదు. నటులను పెట్టి వారి మాటలు చెప్పించవచ్చునా?

జవాబు: చెప్పించవచ్చు గాని, నటుడు వచ్చాడన్న సంగతి దాచకూడదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన కళాకారిణి కాండిస్ బ్రైట్జ్ 2016లో చేసిన ఇన్‌స్టలేషన్‌లో, అంటే గదుల్లో అమర్చి చూపే కృతిలో, దేశం విడిచి వచ్చిన ఆరుగురి ఇంటర్వ్యూలలోని మాటలను హాలీవుడ్ తారలు అలెక్ బాల్డ్‌విన్, జూలియన్ మూర్ పలుకుతారు. ఆ గది దాటి లోపలికి వెళితే అసలు మనుషులే తమ కథలను తామే, తీరుబడిగా చెబుతూ కనిపిస్తారు. తెలిసిన ముఖం చెబితే ఆగి విన్న మనం, తెలియని ముఖం ముందు ఎంతసేపు నిలబడతామన్నదే ఆ కృతి అడిగే ప్రశ్న. మీవారు కనిపించలేరు కాబట్టి రెండో గది మీకు సాధ్యం కాదు. అందుకని, మాటలు ఒకరివి, ముఖం మరొకరిదని వీడియో మొదట్లోనే చెప్పండి. నటులు పలికిన భాగాన్ని ఆ ఇద్దరికీ చూపించి, మరోసారి సమ్మతి తీసుకోండి. ఇంటర్వ్యూ ఇచ్చిన రోజు చెప్పిన సరే, తయారైన కృతికి కూడా వర్తిస్తుందని అనుకోకూడదు. అక్కర లేని చోట నటులు భావోద్వేగాన్ని జోడిస్తుంటే, ఏ హావభావమూ లేకుండా చదివించడం మేలు.

ప్రశ్న: ఇద్దరి కథలను ఒకే తెర మీద చూపడం మంచిదా, రెండు తెరలు వాడడం మంచిదా?

జవాబు: ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరమే మీ విషయమైతే రెండు తెరలు వాడండి, లేకపోతే ఒకటి చాలు. ఇరాన్‌లో పుట్టిన కళాకారిణి షిరిన్ నేషత్ 1998లో చేసిన వీడియో కృతిలో ఎదురెదురుగా ఉన్న రెండు తెరల్లో ఒకదానిలో పురుషుడు నిండు సభకు పాడతాడు, మరోదానిలో స్త్రీ ఖాళీ హాలుకు పాడుతుంది. ప్రేక్షకుడు ఒకరిని చూడాలంటే మరొకరికి వీపు పెట్టక తప్పదు. స్త్రీలు బహిరంగంగా ఒంటరిగా పాడడంపై ఇరాన్‌లో ఉన్న నిషేధాన్ని ఆ అమరికే చెబుతుంది. రెండు తెరలు పెట్టేవారు సాధారణంగా తడబడేది శబ్దం దగ్గర: రెండు గొంతులూ ఒకేసారి వినిపిస్తే గదిలో ఏదీ అర్థం కాదు. ఆ కృతిలో ఒకరు పాడుతున్నంతసేపూ రెండోవారు మౌనంగా ఉంటారు. మీ ఇద్దరిలో ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవారు ఏం చేస్తూ కనిపిస్తారన్నది షూటింగ్‌కు ముందే తేల్చుకోండి, ఎందుకంటే వింటున్న ముఖాన్ని తర్వాత ఎడిటింగ్‌లో సృష్టించలేరు.