బెట్టా, చెక్కా: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి శ్రీనుకు,

మొన్న ఆదివారం మీ ఇంట్లో చింతపిక్కలు పోసుకుని పోకర్ ఆడినప్పుడు, నీ వంతు వచ్చిన ప్రతిసారీ గుప్పెడు పిక్కలు ముందుకు నెట్టడం చూశాను. మీ అమ్మ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నావట. అక్కడ కాసినోల్లో పిక్కలతో ఆడనివ్వరు కదా, అందుకే రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఇక్కడ డబ్బు పెట్టి పోకర్ ఆడొద్దు. ఫోన్‌లో అసలే వద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1968లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. కానీ ఆ తీర్పు రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు.

ఇక ఆట సంగతి. నువ్వు రమ్మీ చూస్తూ పెరిగినవాడివి. పదమూడు ముక్కలు చూసుకుని, బాగోకపోతే 20కి డ్రాప్ కొట్టి 80 కౌంటు తప్పించుకోవడం నీకు అలవాటు. ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. పోకర్‌లో ఈ రెంటి మధ్య చెక్ అని ఒకటుంది, అంటే అప్పటికి ఎవరూ బెట్ వేయకపోతే, డబ్బు వేయకుండా, ముక్కలు పారేయకుండా వంతు దాటించడం. రమ్మీలో అలాంటిది లేదు కాబట్టి నీకది భయపడ్డట్టు అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

గోవాలో ఒక రాత్రి, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టే పందేలు) 100–200 టేబుల్. నా చేతిలో రాజు, జాకీ. చివరి సీటు నుంచి 600కి పెంచాను. బిగ్ బ్లైండ్‌లో, అంటే 200 కట్టే సీట్లో కూర్చున్న పెద్దాయన ఒక్కడే కాల్ చేశాడు, అంటే నా అంత కట్టాడు. పాట్, అంటే మధ్యలో పోగైన డబ్బు, 1,300. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో, కళావరు రాజు, ఆఠీను ఎనిమిది, డైమన్ నాలుగు. ఆయన చెక్, నేను 500, ఆయన కాల్. నాలుగో ముక్క టర్న్‌లో రెండు పడింది. 1,500 వేశాను, మళ్లీ కాల్. చివరి ముక్క రివర్‌లో ఇంకో రెండు. బోర్డు మీద మారిందేమీ లేదు. పాట్ 5,300. ఆయన చెక్ చేశాడు. నేను ఊపు మీద 4,000 వేసేశాను. ఆయన చిప్స్ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ నిమిషం కూర్చుని, కాల్ చేసి, రాజు–రాణి తిప్పాడు. ఇద్దరికీ రాజు జతే, కానీ నా జాకీ కంటే ఆయన రాణి పెద్దది.

రూముకెళ్లాక లెక్క వేసుకున్నాను. ఆ 4,000కి నాకంటే చిన్న చేయి (బలహీనమైన ముక్కలు) ఏది కాల్ చేస్తుంది? రాజు–పది ఉన్నవాడు, ఏమో. ఎనిమిది జత అయితే పారేస్తుంది. పోనీ, నాకంటే పెద్ద చేయి ఏదైనా పారేస్తుందా? రాజు–రాణి పట్టుకున్నవాడు ఎందుకు పారేస్తాడు! అంటే ఓడిపోయినప్పుడు మొత్తం కట్టాలి, గెలిచినప్పుడు వచ్చేది దాదాపు ఏమీ లేదు. అదే టర్న్‌లో చెక్ చేసి ఉంటే, రివర్‌లో నేను 800 వేసినా ఎనిమిది జతవాడు ‘వీడి దగ్గర ఏమీ లేదు’ అనుకుని ఇచ్చేవాడు. పెద్దాయనకు కూడా అంత పోసేవాడిని కాదు.

అందుకని బెట్ వేసేముందు ఈ రెండు ప్రశ్నలూ అడుగు. చిన్న చేయి కాల్ చేస్తుందా? పెద్ద చేయి పారేస్తుందా? రెంటికీ ‘లేదు’ అని వస్తే చెక్ చెయ్యి. ‘వాడి దగ్గర ఏముందో తెలుసుకుందామని వేశాను’ అన్నావు చూడు మొన్న, అది నాకు నచ్చలేదు. అలా తెలుసుకోవడానికి ఖర్చు చాలా ఎక్కువ.

బోర్డు తడిగా ఉంటే, అంటే తెరిచిన ముక్కలు వరసగానో ఒకే గుర్తులోనో పడి ఎదుటివాడి చేయి పెరిగే వీలుంటే మాత్రం నీ గట్టి చేతితో చెక్ చేసి కూర్చోకు. ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఏడు పడ్డాయనుకో. చేతిలో రెండు ఇస్పేట్లతో టర్న్ దాకా వచ్చి, ఐదూ ఒకే గుర్తు కావడానికి ఇంకో ఇస్పేటు కోసం చూస్తున్నవాడికి అది రివర్‌లో పడే అవకాశం 20 శాతానికి కాస్త తక్కువ. పాట్ 1,000 ఉండగా నువ్వు 300 వేస్తే, వాడు కట్టే 300 మొత్తం 1,600లో భాగం, కాబట్టి వాడికి గిట్టడానికి దాదాపు 19 శాతం చాలు, హాయిగా కాల్ చేస్తాడు. 700 వేస్తే 29 శాతం కావాలి. అప్పుడు వాడు కాల్ చేసినా తప్పు వాడిదే.

బ్లఫ్ (ముక్కలు లేకున్నా ఉన్నట్టు బెట్ వేయడం) గురించి ఎక్కువ రాయను, అది నీకు వద్దన్నా వస్తుంది. పాట్‌లో సగం వేస్తే మూడింట ఒకసారి ఎదుటివాడు పారేసినా నష్టం లేదు. కానీ ఇది ఒక్కడున్నప్పటి మాట. ముగ్గురుంటే, ఒక్కొక్కడూ సగం సార్లు పారేస్తాడనుకున్నా, ముగ్గురూ కలిసి పారేసేది ఎనిమిదింట ఒకసారి. మొన్న నువ్వు నలుగురి మీద వేశావు, అందులో మీ నాన్న ఒకడు. ఆయన జీవితంలో ఏ ముక్కా పారేయలేదు.

చివర మాట్లాడే సీటులో ఉంటే చెక్‌కి ఇంకో లాభం, తర్వాతి ముక్క ఉచితంగా చూస్తావు. ముందు మాట్లాడాల్సి వస్తే ఆ సుఖం లేదు, వెనక వాడు బెట్ వేయవచ్చు. అందుకే ముందు సీట్లలో తక్కువ చేతులు ఆడు.

ఈ ఆదివారం మళ్లీ వస్తాను. పిక్కలు ఒక్కొక్కరికి రెండు వందలు లెక్కపెట్టి ఉంచు. రివర్‌లో బెట్ వేసేముందు ఏ చిన్న చేయి కాల్ చేస్తుందో పైకి చెప్పి వేయాలి, చెప్పలేకపోతే పిక్కలు వెనక్కి. మీ అత్తయ్య కూడా కూర్చుంటానంటోంది, ఆవిడతో జాగ్రత్త.

ఆశీస్సులతో,
మామయ్య