చంద్రగిరి నుంచి తిరుపతికి రోజూ వచ్చిపోయే దూరమే, అయినా ఫస్టియర్‌లో హాస్టల్ తప్పనిసరా?

అక్కా, మీది చంద్రగిరి, అమ్మాయికి తిరుపతి దగ్గరే ఇంజినీరింగ్ సీటు వచ్చింది, అయినా మొదటి సంవత్సరం హాస్టల్లోనే ఉండాలని కాలేజీవాళ్ళు పట్టుబడుతున్నారు అన్నారు. ఇది పిల్లల మంచికా, డబ్బు గుంజడానికా అని అడిగారు. రెండూ ఉన్నాయి అంటాను నేను. నాకూ ఇదే జరిగింది.

మాది పాకాల దగ్గర పల్లె. 2013లో తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఇంటి నుంచి బస్సులో గంట పైచిలుకు. మా నాయన నన్ను డే స్కాలర్‌గానే పంపాలనుకున్నాడు. కారణం ఆవులు. మాకప్పుడు మూడు జెర్సీ ఆవులుండేవి. పొద్దున అయిదుకు లేచి పాలు పిండి, ఆరు లోపల పాల కేంద్రంలో పోసి రావడం నా పని. సాయంత్రం మళ్ళీ అదే. నాయనకు నడుము నొప్పి, వంగలేడు. అడ్మిషన్ రోజు ఆఫీసులో ఈ మాట చెబితే అక్కడి సారు నవ్వి, "ఫస్టియర్ అందరికీ కంపల్సరీ, మీ ఆవులకు మేమేం చేస్తాం" అన్నాడు. ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. హాస్టల్ 45 వేలు మాత్రం చేతి నుంచే కట్టాలి. దసరా లోపల ఒక ఆవును అమ్మేశాం. మిగతా రెండూ అమ్మ నెత్తిన పడ్డాయి. గది అద్దె, మెస్ బిల్లు అందరూ లెక్క వేస్తారు గానీ పిల్లోడు లేక ఇంట్లో ఆగిపోయిన పనిని ఎవరూ లెక్కలో రాయరు.

వచ్చిన లాభాన్ని కూడా దాచను. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. క్లాసులో సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ చెబుతుంటే బోర్డు మీద చీమలు పాకినట్టుండేది. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ బస్సులు కదిలితే కాలేజీలో సగంమంది వెళ్ళిపోయేవాళ్ళు. మిగిలినవాళ్ళం రాత్రి భోజనాలయ్యాక ఒక గదిలో చేరేవాళ్ళం. రాజంపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు మా గదిలో ఉండేవాడు. ఒకే పనిని కంప్యూటర్‌తో మళ్ళీ మళ్ళీ చేయించే ఫర్ లూప్ నాకు ఎంతకీ ఎక్కకపోతే వాడు ఇలా చెప్పాడు: "అలిపిరి దగ్గర మొదటి మెట్టు మీద నిలబడ్డావనుకో. మెట్టుకు పసుపు కుంకుమ పెట్టు, పైకి ఒక మెట్టు ఎక్కు, మళ్ళీ పెట్టు. 3,550 అయినాక ఆపు. అంతే రా లూపంటే." మా ఊళ్ళో ఆడవాళ్ళు మొక్కుకుని చేసే మెట్ల పూజే అది! ఆ రోజు తర్వాత నాకు లూప్ అంటే భయం పోయింది. ఇంజినీరింగ్ డ్రాయింగ్ కూడా అంతే. ఒకడికి గీతలు గీసే డ్రాఫ్టర్ పరికరం ఉంటే నలుగురం పంచుకుని ఒంటిగంట దాకా షీట్లు గీసేవాళ్ళం. పాకాల బస్సులో నిలబడి, షీట్ల గొట్టం చంకలో పెట్టుకుని వచ్చి, ఇంటికాడ ఒక్కణ్ణే కూర్చుని ఉంటే ఆ సబ్జెక్టు పోయేదే.

అటెండెన్స్ కూడా చూడాలి. 75 శాతం దాటాలి కదా, బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గరుడ సేవ నాడు బస్సు ఎప్పుడు చేరుతుందో డ్రైవరుకే తెలియదు. హాస్టల్లో ఆ టెన్షన్ లేదు.

అయితే హాస్టల్ ఎలా నడుపుతున్నారన్నదే అసలు సంగతి. మా కాలేజీలో ఫస్టియర్ వాళ్ళను కింది అంతస్తులో పెట్టి, పై రెండు అంతస్తులూ సీనియర్లకు ఇచ్చారు. కొట్టడాలు లేవు గానీ రాత్రి పదింటికి తలుపు తట్టి వాళ్ళ ల్యాబ్ రికార్డులు మాతో రాయించుకునేవాళ్ళు. వార్డెన్ ఫోన్ రాత్రయితే స్విచాఫ్. ర్యాగింగ్ మీద యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2009లో తెచ్చిన నిబంధనల్లో కొత్త విద్యార్థులను వీలైనంతవరకు విడి బ్లాకులో ఉంచాలని ఉంది, అలా కుదరకపోతే సీనియర్లు వాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా వార్డెన్లు, సెక్యూరిటీ గట్టిగా కాపలా కాయాలనీ ఉంది. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి పేరు రాయనక్కర్లేకుండా ఫస్టియర్ వాళ్ళ అభిప్రాయాలు తీసుకోవాలని కూడా ఉంది. మాకు అలాంటి కాగితమే ఎవరూ ఇవ్వలేదు. ర్యాగింగ్ చేయనని అడ్మిషన్ నాడు నాతోనూ నాయనతోనూ అఫిడవిట్లు మాత్రం రాయించుకున్నారు.

"సొంతంగా బతకడం వస్తుంది" అని మీకూ చెప్పే ఉంటారు. మన జిల్లాల్లో ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీల్లో బెల్లు కొడితే లేచి, బెల్లు కొడితే తిని, నెలకోసారి అమ్మానాన్నలను గేటు దగ్గర చూసిన పిల్లలు ఎంతమంది లేరు! వాళ్ళకు ఇంకో ఏడాది గేటు వేస్తే కొత్తగా వచ్చేదేమిటి? మీ అమ్మాయి ఇంటర్ ఎక్కడ చదివిందో మీరు రాయలేదు. అలాంటి చోట చదివి ఉంటే ఈ ఏడాది ఇంట్లో పెట్టుకోవడమే దానికి విశ్రాంతి.

ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్ ఉన్నాయి కదా, రెండూ 2015లో వచ్చినవే. అక్కడ అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు, లైబ్రరీ, ల్యాబులు, ఆటలు అన్నీ దానికి తగ్గట్టే నడుస్తాయి. సాయంత్రం బస్సులు పోగానే ల్యాబులకు తాళం వేసే కాలేజీ అదే రూలు పెడితే అది పడక అమ్ముకోవడమే. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ కూడా చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది క్యాంపస్‌లో ఉండాలనే నిబంధన ఉందట, కానీ దగ్గర్లో అమ్మానాన్నల ఇల్లు ఉంటే చాలాచోట్ల మినహాయింపు ఇస్తారట. దూరం నుంచి వచ్చిన పిల్ల ఒంటరిది కాకూడదని పెట్టిన రూలు చంద్రగిరి పిల్లకు ఎందుకు?

సెకండియర్‌లో నేను ఇంటికి మారిపోయాను. పొద్దున పాలు పోసి కాలేజీకి పోయేవాణ్ణి. సాయంత్రం మాత్రం పరీక్షల ముందు పాత గదికే వెళ్ళి, ఆఖరి బస్సు వేళ దాకా వాళ్ళతో చదువుకునేవాణ్ణి. మార్కులు తగ్గలేదు. అప్పటికి నాకు కావలసింది ఆ నలుగురు మనుషులే, మంచం కాదు. వాళ్ళు దొరికింది మాత్రం మొదటి రెండు మూడు నెలల్లోనే, అదీ హాస్టల్లో.

అందుకే మీకు నా సలహా, ఏడాది కాకుండా మొదటి సెమిస్టర్ వరకే ఉంటుందని అడిగి చూడండి. ఒప్పుకుంటే పంపండి. అస్సలు కుదరదని వాళ్ళంటే, లేదా మీకే హాస్టల్ ఇష్టం లేకపోతే, మినహాయింపు కోసం ప్రిన్సిపాల్ పేరిట అర్జీ పెట్టండి, రేషన్ కార్డు, ఆధార్ నకళ్ళు జతచేసి దూరం రాయండి. 2025 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి రాకపోకల ఖర్చు కూడా మీకు అడ్డం కాదు. ఆ సంగతీ అందులో రాయొచ్చు.

డబ్బు కట్టే ముందు ఒకసారి అమ్మాయిని వెంటబెట్టుకుని హాస్టలుకు వెళ్ళండి, మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఏడు తర్వాత. ఫస్టియర్ బ్లాకు విడిగా ఉందా, వార్డెన్ రాత్రి అక్కడే పడుకుంటుందా అని వార్డెన్‌ను కాదు, అక్కడున్న ఆడపిల్లలను అడగండి. సంక్రాంతికి పది రోజులు ఇంటికొస్తే మెస్ బిల్లు తగ్గిస్తారా అనీ అడగండి, నాకు తగ్గించలేదు. ఏదైనా ఇబ్బంది ఎదురైతే ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, అమ్మాయి ఫోన్‌లో ఇప్పుడే ఎక్కించి పెట్టండి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్ళండక్కా. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. మా నాయన నోటిమాటగా అడిగి వచ్చేశాడు.