డ్యామ్ నుంచి నీళ్లు ఎక్కువగా వదిలితే, దిగువన ఎండిపోయిన నది పాయలు వాటంతట అవే కోలుకుంటాయా?

చాలాచోట్ల కోలుకోవు, నీళ్లతో పాటు గులకరాళ్లు కూడా వేయాలి, పూడిపోయిన పాయ మొదలును తవ్వి తెరవాలి.

జలవిద్యుత్ డ్యామ్ ఆపేది నీటిని మాత్రమే కాదు. పైనుంచి కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు రిజర్వాయర్‌లోనే ఉండిపోతాయి. వాటిని వదిలేసి వచ్చిన తేట నీరు కింద నది అడుగును కోసేస్తుంది. నది లోతుకు దిగేకొద్దీ పక్కపాయ మొదలు నీటికి అందనంత ఎత్తులో మిగిలిపోతుంది. పెద్ద వరదలు రాక అక్కడ ఒండ్రు పేరుకుంటుంది, పొదలు మొలుస్తాయి. అసలు నష్టం చేపపిల్లలకు. మూడు సెంటీమీటర్ల సాల్మన్ పిల్ల వడి నీటికి ఎదురు నిలవలేదు. నీట మునిగిన వేళ్ల చాటున, మెల్లగా కదిలే నీటిలో పురుగులు తింటూ పెరుగుతుంది. ఆ చోటే పోతోంది.

ఉదాహరణకు కాలిఫోర్నియాలోని ట్రినిటీ నది. 1960ల మొదట్లో ట్రినిటీ, లూయిస్టన్ డ్యామ్‌లు కట్టాక నీళ్లలో చాలా భాగం శాక్రమెంటో లోయకు మళ్లింది, ఒడ్ల వెంట చెట్లు బిగుసుకుని నది ఇరుకు కాలువలా మారింది. 2000లో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం తర్వాత నీటి విడుదల పెంచారు. అంతటితో ఆగకుండా గులకరాళ్లు వేశారు, యంత్రాలతో గట్లు తొలగించి పాయలు తెరిచారు.

పాయ తెరిస్తే పని అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. కరెంటు డిమాండ్ తగ్గిందని టర్బైన్లకు నీళ్లు ఒక్కసారిగా తగ్గిస్తే పాయ గంటల్లో ఖాళీ అవుతుంది, చేపపిల్లలు గుంటల్లో చిక్కుకుని చనిపోతాయి. నీటిని మెల్లగా తగ్గించడం తవ్వకమంత ముఖ్యం.