వల, అల, పడవ అయ్యాకే చేప

బళ్ళు తెరిచాక మా డబ్బాలోకి వచ్చే ఉత్తరాలన్నీ పిల్లల చదువు గురించే, ఈ నెలా అంతే. విశాఖలో ప్రైమరీ స్కూళ్ళలో చెప్పి రిటైరైన మన పంతులమ్మగారు జవాబులిచ్చారు. పెద్ద ఉత్తరాల్ని కాస్త కుదించాం, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, డీఎస్సీలో సెలక్టయ్యి కొత్తగా జాయినయ్యాను. సముద్రం పక్క స్కూలు, జాలర్ల పిల్లలు ఎక్కువ. నాకు మూడో క్లాసు ఇచ్చారు. సగంమంది పుస్తకం చూసి ముత్యాల్లా రాసేస్తారు కానీ రాసింది చదవమంటే నోరు మెదపరు. కొందరికి అక్షరాలే సరిగ్గా రావు. సిలబస్ నడిపించాలా, మళ్ళీ అఆల దగ్గర్నుంచి మొదలెట్టాలా? – ఒక కొత్త టీచర్, విశాఖపట్నం

అమ్మాయ్, చిన్నదానివి కాబట్టి నువ్వు అనేస్తున్నా. రెండూ వద్దు. ముందు ఓ వారం పాఠం పక్కనపెట్టి ఒక్కొక్కళ్ళని నీ దగ్గర కూర్చోబెట్టుకుని ఎవరికి ఏం వచ్చో చూడు, ఏం రాదో కాదు. దానికి పెద్ద పరీక్ష పేపరేం అక్కర్లేదు, ఓ కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఓ బుల్లి కథ రాసుకో చాలు. 2005 నుంచి అసర్ సర్వే వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలు ఎలా చదువుతున్నారో చూస్తున్నది దాదాపు ఇలాంటి కాగితంతోనే. మార్కులెయ్యకు, అందరి ముందూ నిలబెట్టి చదివించకు, ఎవరు ఎక్కడ ఆగారో నీ నోట్‌బుక్‌లో రాసుకో అంతే.

ఆ ముత్యాల్లాంటి రాత చూసి మోసపోలేదు చూడు, అదే నాకు నచ్చింది. చూసి రాసే పిల్లలు అక్షరాన్ని బొమ్మలాగ దించుతారు, చెయ్యి కదులుతుంది గానీ నోట్లో శబ్దం ఉండదు, తల్లిదండ్రులేమో నోట్సు నిండింది కదా అని సంతోషపడతారు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనా నిండిన నోట్సు చూసే సంతకం పెడతాడు, ఇలా అందరూ హ్యాపీగా ఉండగానే పిల్లాడు ఐదో క్లాసుకి వెళ్ళిపోతాడు. నువ్వు చూసి రాత తగ్గించి, చెప్తే రాయడం పెట్టు. రోజుకి ఐదు పదాలైనా సరే.

ఇంక అక్షరాలు రాని పిల్లల సంగతి. అ అంటే అమ్మ అని మొదటి పేజీలోనే పెడతాం, కానీ అమ్మ రాయాలంటే మ వత్తు రావాలి కదా, అది పిల్లాడి దగ్గరికి ఎప్పటికొస్తుందీ? నాన్న, అక్క, అన్నం, పప్పు, ఇంట్లో వాడే మాటలు చాలావరకు వత్తులతోనే ఉంటాయి, మనమేమో అచ్చులూ హల్లులూ గుణింతాలూ వరసపెట్టి అయ్యాక చివర్న వత్తులంటాం, అప్పటికి వాడికి బడంటేనే విసుగొచ్చేస్తుంది. అలాగని మొదటిరోజే వత్తులు నెత్తినెయ్యమని కాదు. మీ పిల్లల అదృష్టం ఏంటంటే వాళ్ళ ఇంటి మాటలే చాలా తేలిక: వల, అల, పడవ. గుణింతం లేదు, వత్తు లేదు, మొత్తం కలిపితే ఐదే అక్షరాలు, అ ల వ ప డ. వాటితోనే వడ కూడా వచ్చేస్తుంది, ఆ పదం దగ్గర క్లాసంతా నవ్వుతారు చూడు. పలక రాయాలంటే క ఒక్కటి కలిపితే చాలు. వ, ప దగ్గర పిల్లలు తికమక పడతారు, అందుకని పడవ అని బోర్డు మీద పెద్దగా రాసి మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ తేడా ఏంటో వాళ్ళనే చెప్పమను, నువ్వు చెప్పకు. ఇవి కుదిరాక చేప, దాంతో ఏత్వం. రొయ్య మాత్రం చివరికి ఉంచు, అందులో ఒత్వమూ ఉంది, వత్తూ ఉంది. మధ్యలో వాళ్ళ చేత హార్బర్ కబుర్లు చెప్పించు, ఏ చేప ఎంతకి పోయింది, ఎవరి బోటు ఎప్పుడొచ్చింది, వాళ్ళు చెప్పిందాంట్లో ఒక్క వాక్యం బోర్డు మీద రాయి, ఆ వాక్యమే ఆ రోజు పాఠం. తాము అన్న మాటే కాబట్టి ఊహించి అయినా చదువుతారు, ఊహించడం తప్పేమీ కాదు.

మరి బాగా చదివేవాళ్ళని ఏం చెయ్యాలంటావా? రోజుకో గంట ఎవరిది ఏ క్లాసో మర్చిపో. అక్షరాల దగ్గరున్నవాళ్ళు ఒక గుంపు, పదాల దగ్గరున్నవాళ్ళు ఒకటి, కథలు చదివేవాళ్ళు ఒకటి. మీ హెచ్ఎం ఒప్పుకుంటే మూడు నాలుగు ఐదు క్లాసులు కలిపేసి గుంపులు చెయ్యండి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చాలా రాష్ట్రాల్లో చేసిన పద్ధతి ఇదే, వయసుని బట్టి కాకుండా పిల్లాడు ఉన్న చోటుని బట్టి చెప్పడం. ఎవరైనా సిలబస్ ఏదీ అని అడిగితే 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ చెప్పేదీ ఇదేనండీ, మూడో క్లాసు అయ్యేలోపు పిల్లలందరికీ చదవడం, చిన్న లెక్కలు రావాలి అని, ఆ పనే చేస్తున్నానని చెప్పు. గుంపులు మాత్రం అలాగే ఉంచెయ్యకు, నెలకోసారి మళ్ళీ ఆ కాగితం పట్టుకుని కూర్చుని మార్చు, లేకపోతే అక్షరాల గుంపు కాస్తా మొద్దుల గుంపని పేరు పడిపోతుంది.

ప్రశ్న: నా నాలుగో క్లాసులో ఒక పాప సాయంత్రం రైతు బజార్ దగ్గర వాళ్ళమ్మ పక్కన కూర్చుని కొత్తిమీర, కరివేపాకు అమ్ముతుంది. వంద నోటిస్తే చిల్లర పైసా తేడా రాకుండా ఇస్తుంది. అదే తీసివేత బోర్డు మీద వేస్తే బిత్తరచూపులు చూస్తుంది. కావాలనే చేస్తోందా? – ఒక మాస్టారు, గోపాలపట్నం

కావాలని కాదు మాస్టారూ. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో (2019 ఆర్థికశాస్త్రం నోబెల్ వాళ్ళే), ఇంకొందరు కలిసి నేచర్ అనే సైన్సు పత్రికలో దీనిమీదే రాశారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలు బేరం లెక్కలు చకచకా చేసేస్తున్నారు, అవే కాగితం మీద బడి లెక్కల్లాగ ఇస్తే తడబడుతున్నారు, తమాషా ఏంటంటే బడికే వెళ్ళే పిల్లలు కాగితం మీద కాస్త నయం గానీ బజార్లో తేలిపోతున్నారు. అంటే నష్టం రెండువైపులా ఉంది.

మీ పాపని ఒకసారి అడగండి, 63 రూపాయల సరుక్కి వంద ఇస్తే ఎలా చేశావమ్మా అని. బహుశా 63కి 7 వేస్తే 70, ఇంకో 30 వేస్తే వంద, 37 ఇచ్చాను అంటుంది. ఆ పిల్ల తీసెయ్యలేదు, పైకి కూడుకుంటూ వెళ్ళింది. మనమేమో 100లోంచి 63 తియ్యి, సున్నాలోంచి 3 పోదు కాబట్టి పక్కింట్లో అప్పు తెచ్చుకో, పక్కింట్లోనూ సున్నాయే కాబట్టి ఆ పైయింటికెళ్ళు అంటాం! అప్పుకోసం ఇన్ని గుమ్మాలెక్కితే ఎవరికైనా బెంగే కదా. ఆ పాప చెప్పిన పద్ధతిని ఆ పాప పేరుతోనే బోర్డు మీద రాయండి, గీత గీసి 63, 70, 100 అని గెంతులు చూపించండి, క్లాసంతా ఆ పద్ధతిలో కొన్ని లెక్కలు చేశాక పక్కనే మన అప్పు పద్ధతి కూడా వేసి రెండింట్లోనూ 37 ఎలా వచ్చిందో మాట్లాడించండి. పుల్లలు పదేసి రబ్బర్ బ్యాండ్ వేసిన కట్టలు చేతికివ్వండి, అప్పు అంటే కట్ట విప్పడమని అప్పుడు తెలుస్తుంది. ఇంకోటి, నూట ఐదుని 1005 అని రాసే పిల్లల్ని తిట్టకండి, నూరు అని విన్నారు 100 రాశారు, ఐదు అని విన్నారు 5 రాశారు, వాళ్ళ లెక్క ప్రకారం అది కరెక్టే. కట్టలు పేర్చి చూపిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా మనవడి టీచర్లు అస్సలు కొట్టరు. మా కాలంలో గోడకుర్చీ, బెత్తం ఉండేవి, అందుకే ఎక్కాలు ఇప్పటికీ గుర్తున్నాయి. కాదంటారా? – ఒక తాతగారు, కంచరపాలెం

కాదంటానండీ బాబాయ్‌గారూ. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం నిషేధం, మానసికంగా వేధించడం కూడా. చట్టం మాట అటుంచండి, మీతోపాటు ఒకటో క్లాసులో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఐదు దాకా వచ్చారో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. బెత్తానికి భయపడి మధ్యలో మానేసినవాళ్ళు పత్రికలకి ఉత్తరాలు రాయరు కదా.

ప్రశ్న: ఒకటో క్లాసు పాపకి రోజూ నాలుగు పేజీల హోంవర్క్. చెయ్యి నొప్పని ఏడుస్తుంది, చివరికి నేనే రాసేస్తున్నా. – ఒక తల్లి, మధురవాడ

మీ చేతిరాత బాగుపడుతుంది, అంతే తల్లీ! 2020లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో క్లాసు దాకా హోంవర్క్ వద్దనే ఉంది. ఆ కాగితం ప్రింటు తీసుకెళ్ళి టీచర్‌తో నెమ్మదిగా మాట్లాడండి, గొడవలా కాదు. చాలాసార్లు హోంవర్క్ ఎక్కువివ్వమని అడిగేది పక్కింటి తల్లిదండ్రులే, టీచర్ కాదు.

ప్రశ్న: మాది అనకాపల్లి వైపు, గాజువాకలో ఉంటున్నాం. మా బాబు క్లాసులో "ఏటి టీచర్" అన్నాడని అందరి ముందూ నవ్వారట. అప్పట్నుంచి బడిలో మాట్లాడ్డం మానేశాడు. పైగా ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో భాష మార్చాలా? – ఒక అమ్మ

వద్దమ్మా, ఒక్క ముక్క కూడా మార్చద్దు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ప్రతి బళ్ళోనూ గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండేస్తారు. ఆయన మన శ్రీకాకుళం వైపు మనిషే, పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసినాయన. అలాంటాయనకి దండేసిన చేత్తోనే ఉత్తరాంధ్ర పిల్లాడి మాటకి నవ్వితే ఏమనాలి?

టీచర్‌కి నా మాటగా చెప్పండి, వాడు ఏటి అంటే ముందు వాడడిగినదానికి జవాబివ్వమని. పుస్తకం భాష చదువుతూ చదువుతూ వస్తుంది, అదేం పారిపోదు. నోరు మూతపడితే మాత్రం తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదు. మన రాష్ట్రం పాఠ్యపుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు ఉంటుంది. మీ స్కూల్లో అవి లేకపోయినా తెచ్చుకోండి. రాత్రి తెలుగు పేజీ మీరు చదివి, బాబుతో మీ భాషలోనే దాని గురించి కబుర్లాడి, తర్వాత ఇంగ్లిష్ పేజీలో వాడికి తెలిసిన మాటలు వెతకమనండి. పావుగంట చాలు.

ప్రశ్న: ఐదో క్లాసు పిల్లల్ని ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ చూపిద్దామనుకుంటున్నాం. ఊరికే చూసి వచ్చేస్తే ఉపయోగమేనా? – ఒక టీచర్, పెందుర్తి

ముందురోజు గ్రౌండ్‌లో సగం పని చేసుకోండి. ఆ సబ్‌మెరైన్ కురుసుర పొడవు సుమారు 91 మీటర్లు, తాడుతో కొలిపించండి, మీ గ్రౌండ్ సరిపోకపోతే గోడ చుట్టూ తిప్పించండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, ఎన్నేళ్ళు పనిచేసిందో వాళ్ళనే లెక్కెయ్యమనండి, మరుసటేడు మ్యూజియంగా తెరిచారు. అంత బరువైంది నీళ్ళల్లోకి దిగి మళ్ళీ పైకెలా తేలుతుందో బకెట్‌లో మూతున్న ప్లాస్టిక్ సీసాతో చేసి చూపించండి, ఖాళీగా ఉంటే తేలుతుంది, నీళ్ళు నింపితే మునుగుతుంది. అప్పుడు ఒక్కొక్కళ్ళ చేత ఒక్కో ప్రశ్న రాయించి జేబులో పెట్టించండి. అక్కడ నేవీలో పనిచేసిన పెద్దవాళ్ళు గైడ్లుగా ఉంటారు, ప్రశ్న అడిగేది పిల్లలే, మీరు కాదు. తిరిగొచ్చాక వ్యాసం రాయించకండి దయచేసి, తన ప్రశ్నకి ఏం జవాబొచ్చిందో ఒక్కొక్కళ్ళు నిలబడి చెప్తే ఆ పీరియడ్ అయిపోతుంది.