అబ్బాయి ఒప్పుకునేదాకా ఆగకండి

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర. మా అబ్బాయికి 21 ఏళ్లు. విశాఖలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు. పండక్కి వచ్చినప్పుడు ప్యాంటు జేబులో గంజాయి పొట్లం దొరికింది. అడిగితే "అందరూ తాగుతారు, ఇది డ్రగ్ కాదు, ఆకు" అన్నాడు. వాళ్ల నాన్న బెల్టుతో కొట్టారు. ఆరు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ల్యాబ్ ఫీజు, పరీక్ష ఫీజు అంటే అడిగినంతా ఫోన్‌పేలో పంపాను. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే గాజులు తాకట్టు పెట్టి కట్టాను. ఈ సంగతి ఆయనకి తెలియదు. మా ఆడపడుచు తన కూతురినిచ్చి పెళ్లి చేస్తే దారిలో పడతాడంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని, రేపు ఉద్యోగం రాదని ఆయన భయం. వాడూ రానంటున్నాడు. కాలేజీ మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు, సాయంత్రం బండి వేసుకుని బయటికి పోతాడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు. నా పెంపకంలోనే ఏదో లోపం ఉందా? ఈ మధ్య ఎవరో తన ఫోన్ వింటున్నారని, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కూడా అంటున్నాడు.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం దగ్గరే మొదలుపెడతాను. ఫోన్ ఎవరో వింటున్నారు, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారు అన్న మాటలు మీ అబ్బాయి సాకు కోసం చెబుతున్నవి కాకపోవచ్చు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం కొందరిలో ఇలాంటి అనుమానాల్ని పుట్టిస్తుంది. లేని మాటలు వినిపించడం కూడా జరుగుతుంది. తాగడం ఆపితే కొద్ది రోజుల్లో తగ్గిపోవచ్చు. లేదంటే వేరే మానసిక జబ్బుకి ఇదే మొదలు కావచ్చు. రెండిట్లో ఏదో తేల్చాల్సింది సైకియాట్రిస్ట్. మీరూ నేనూ కాదు. అందుకే ఈ ఒక్క విషయంలో వచ్చే నెలదాకా చూద్దాం అనుకోవద్దు, ఈ వారంలోనే చూపించండి. అన్నంలో ఏదో కలిపారని తినడం మానేసినా, ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నా, చచ్చిపోతానని అన్నా ఓపీ రోజు కోసం కూడా ఆగకుండా క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.

వాడు రానంటున్నాడని రాశారు. గంజాయి మాన్పించడానికి రమ్మంటే రాడు. నిద్ర కోసం రమ్మనండి. రాత్రుళ్లు నిద్ర లేక నలిగిపోతున్నది వాడే కాబట్టి ఆ బాధ వాడికి తెలుసు. ఇందులో మోసమేమీ లేదు, నిద్ర పట్టకపోవడం నిజమే కదా. మత్తులో లేనప్పుడు, వాళ్ల నాన్న పక్కన లేనప్పుడు, "నాన్నా, నువ్వు పడుకోవట్లేదు, భయపడుతున్నావు, నాకు కనబడుతోంది. నిన్ను తిట్టడానికి కాదు, ఆ నిద్ర సంగతి డాక్టర్‌ని అడుగుదాం, నేనూ వస్తాను" అని చెప్పి చూడండి. అనుమానాల గురించి వాదించకండి. "ఎవరూ వినట్లేదురా పిచ్చోడా" అంటే మీరు కూడా వాళ్లతో కలిసిపోయారనుకుంటాడు. "నీకు అలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో" అంటే చాలు.

ఇక వాడు చెప్పిన 'ఆకు' సంగతి. గంజాయి తాగిన ప్రతివాళ్లూ దానికి బానిసలు కారు, అది నిజమే. కానీ చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ముందుచూపు, నిగ్రహం చూసుకునే మెదడు భాగం ఇరవై ఐదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో రోజూ బయటినుంచి మత్తు అందుతుంటే, మామూలు సంతోషాలకి మెదడు స్పందించడం తగ్గిపోతుంది. క్రికెట్, సినిమా, స్నేహితులు ఏదీ రుచించదు. చదివింది గుర్తుండదు. ఆరు సబ్జెక్టులు మిగిలిపోవడం బద్ధకం ఒక్కదానివల్లే కాకపోవచ్చు. ఇలాంటప్పుడు ఒట్టు వేయించుకుంటే మానేస్తాడనుకోవడం, షుగర్ ఉన్న మనిషి చేత ఒట్టు వేయించుకుని షుగర్ తగ్గాలని ఎదురుచూడటం లాంటిది.

కొట్టినందువల్ల జరిగేదల్లా దాచుకోవడం నేర్చుకోవడమే. మీవారి కోపం వెనక భయం ఉందని నాకు అర్థమవుతోంది, కానీ బెల్టు దెబ్బ తిన్న కుర్రాడు ఆ రాత్రి వెతుక్కునేది ఆ పొట్లాన్నే. ఈ మాట మీవారికి చదివి వినిపించండి.

మీరు చేసింది కూడా చెప్పాలి, బాధపడకండి. ఫీజు పేరుతో వెళ్లిన డబ్బులో చాలాభాగం గంజాయికే పోయి ఉండొచ్చు. లోన్ యాప్ బాకీ గుట్టుచప్పుడు కాకుండా తీరిపోయింది కాబట్టి వాడికి తన అలవాటు వల్ల నష్టమేమీ కనబడలేదు. ఇకమీదట కాలేజీ ఫీజు నేరుగా కాలేజీ ఖాతాలో కట్టండి. చేతికి డబ్బు ఇవ్వకండి. తిండి, బట్టలు, మందులు, డాక్టర్ దగ్గరికి ప్రయాణం, వీటికి మాత్రం ఎప్పుడూ కాదనకండి. తాకట్టు సంగతి మీవారికి మీరే చెప్పండి. ఇంట్లో తల్లి ఒకటి, తండ్రి ఒకటి దాచుకుంటున్నంతకాలం వాడికి ఆ సందులో చోటు దొరుకుతూనే ఉంటుంది. నేను చూసిన చాలా కుటుంబాల్లో పిల్లవాడి కంటే ముందు మారింది ఇంటి పద్ధతే. వాడు ఒప్పుకున్నాకే చికిత్స మొదలవుతుందన్నది నిజం కాదు. వాడు రాకపోయినా మీరిద్దరూ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చు. 14446 అనే జాతీయ డి-అడిక్షన్ హెల్ప్‌లైన్ ఉచితం. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు 14416కి ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. ఈ రోజే చేయండి, మీ కోసం చేయండి.

పోలీసు కేసు భయం గురించి. డాక్టర్ దగ్గరికి వెళ్లినంతమాత్రాన కేసు పెట్టరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల నిరోధక చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడుతూ గానీ, తక్కువ మొత్తంతో గానీ పట్టుబడిన వ్యసనపరుడు ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తనంతట తాను చికిత్సకి చేరితే అతన్ని ప్రాసిక్యూట్ చేయరు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అసలు భయపడాల్సింది వేరే దానికి. డబ్బు ఇవ్వడం ఆగాక, "ఈ ప్యాకెట్ అక్కడ ఇచ్చెయ్, నీ వాటా ఫ్రీ" అనేవాళ్లు తగులుతారు. అలా చేతులు మార్చడం మొదలైతే చదువుకునే కుర్రాడని ఎవరూ చూడరు. ఈ మాట వాడితో స్పష్టంగా, ఒక్కసారే చెప్పండి.

పెళ్లి మాట మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. మీ ఆడపడుచు ప్రేమతోనే అని ఉంటారు. కానీ ఆ పిల్ల మందు కాదు, మనిషి. రేపు వాడు తన ఫోన్ భార్యే వింటోందని అనుమానిస్తే ఆ అమ్మాయి గతి ఏమిటి? వాడు కోలుకుని, చదువో ఉద్యోగమో నిలబెట్టుకున్నాక, ఉన్నది ఉన్నట్టు చెప్పి చేసే పెళ్లి వేరే సంగతి.

మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీకు ఎవరైనా "ఆరు నెలలు పెట్టేయండి, మేం చూసుకుంటాం" అనే ప్రైవేటు సెంటర్ పేరు చెబితే, దానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వస్తారా, మిమ్మల్ని కలవనిస్తారా అని అడగండి. గొలుసులతో కట్టడాన్ని చట్టం నిషేధించింది. కట్టేసే చోట, కొట్టే చోట పిల్లవాడిని వదలొద్దు.

మానేసిన మొదటి వారం కష్టంగా ఉంటుంది. చిరాకు, చెమటలు, ఆకలి లేకపోవడం, పీడకలలు ఉంటాయి. సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటాయి, నిద్ర ఒక్కటి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. "ఆసుపత్రికి వెళ్లాకే వీడు పాడయ్యాడు" అని మీకు అనిపించేది సరిగ్గా అప్పుడే. జాలిపడి డబ్బు ఇవ్వకండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయకండి. ఆల్ప్రజోలమ్ లాంటివి అవే అలవాటవుతాయి, అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. గంజాయి మాన్పించే మాత్రంటూ ప్రత్యేకంగా లేదు. అనుమానాలకి, దిగులుకి డాక్టర్ మందులు ఇస్తారు, మిగతాది కౌన్సెలింగ్ చేయాల్సిన పని. "ఎందుకు తాగుతున్నావు" అని కాకుండా "అది తాగితే నీకు ఏ బాధ తగ్గుతుంది" అని కౌన్సెలర్ అడుగుతారు. పరీక్షల టెన్షనో, హాస్టల్లో ఒంటరితనమో, ఇంకేదో అక్కడ బయటపడుతుంది. కోలుకుంటున్న వాళ్లలో చాలామంది మధ్యలో మళ్లీ ఒకసారి తాగుతారు. అలా జరిగిన రోజు గొడవ పెట్టుకోకుండా మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పుడప్పుడే అదే హాస్టల్ గదికి, అదే స్నేహితుల మధ్యకి పంపడం నాకు ఇష్టం లేదు. ఒక సెమిస్టర్ పోయినా ఫర్వాలేదు.

మీ పెంపకం సంగతి అడిగారు. బాగా పెరిగిన పిల్లలు కూడా ఇందులో పడ్డారు. ఇంట్లో ఎంత గొడవ ఉన్నా దీని జోలికి పోని పిల్లలూ ఉన్నారు. కుటుంబంలో ఎవరికైనా మానసిక జబ్బు గానీ తాగుడు గానీ ఉంటే అది మాత్రం డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. ఓపీకి వెళ్లే ముందు ఒక కాగితం మీద ఇవన్నీ రాసుకోండి: గంజాయి ఎప్పటినుంచి తాగుతున్నాడో మీకు తెలిసినంత, దాంతోపాటు మాత్రలు గానీ ఇంకేమైనా గానీ ఉన్నాయా, అనుమానాలు ఏ తేదీ నుంచి మొదలయ్యాయి, ఎన్ని రాత్రులు నిద్రపోలేదు, ఎప్పుడైనా చనిపోతానన్నాడా. వాడి ముందు చెప్పడం ఇబ్బందైతే ఆ కాగితం నర్సు చేతికి ఇచ్చి, మీతో రెండు నిమిషాలు విడిగా మాట్లాడమని డాక్టర్‌ని అడగండి.