మైదానం కబుర్లు: ఆ కప్పు గెలిస్తే చాలా?

ప్రశ్న: మాంచెస్టర్‌లో ఉంటున్న మా మనవడు ఫోనులో ఒక సంగతి చెప్పాడు. అక్కడ ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) యూత్ కప్ అని కుర్రాళ్ళ ఫుట్‌బాల్ పోటీ ఉందట, ఒక ఫైనల్‌కు అరవై ఏడు వేల మంది వచ్చారట. నమ్మవచ్చా? ఆ కప్పు గెలిచిన పిల్లలంతా పెద్ద ఆటగాళ్ళయిపోతారా?
- ఒక తాతయ్య, తెనాలి

జవాబు: మీ మనవడు కోతలు కోయలేదు, తాతగారూ. 2022 ఫైనల్‌కు మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లెక్కకు తేలినవారు 67,492 మంది. ఆ రోజు మాంచెస్టర్ యునైటెడ్ 3-1తో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను ఓడించింది. యునైటెడ్ కుర్రాడు గర్నాచో రెండు గోల్స్ కొట్టాడు.

ఇది పద్దెనిమిదేళ్ళ లోపు వారి పోటీ. ఓడితే ఇంటికే. 1952-53లో మొదలైంది, మొదటి ఐదు కప్పులూ యునైటెడ్‌వే. తొలి ఏడాదే నాంట్‌విచ్ అనే చిన్న ఊరి జట్టును 23-0తో చిత్తు చేశారు. అందరికీ ఆ గెలుపు గుర్తుంటుంది. కాలేజీ రోజుల్లో గోల్‌కీపరుగా ఒకే మధ్యాహ్నం తొమ్మిది గోల్స్ వదిలిన నాకు మాత్రం, ఇరవై మూడుసార్లు వెనక్కి తిరిగి, వంగి, వలలోంచి బంతి తీసిన ఆ కుర్రవాడే గుర్తొస్తాడు.

ఆ యునైటెడ్ జట్టులోనే డంకన్ ఎడ్వర్డ్స్ ఉండేవాడు. 1955 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ జాతీయ జట్టులోకి వచ్చి స్కాట్లాండ్‌పై ఆడాడు. కొన్ని వారాలకే మళ్ళీ కుర్రాళ్ళతో కలిసి యూత్ కప్ ఫైనల్ ఆడాడు! ఎదుటి జట్టు పిల్లల మీద నాకు జాలి. యునైటెడ్ జట్టు ప్రయాణిస్తున్న విమానం మ్యూనిక్‌లో కూలిన ప్రమాదంలో గాయపడి 1958లో పోయేనాటికి అతనికి 21 ఏళ్ళే.

ఇక మీ రెండో ప్రశ్న. 1992లో కప్పు గెలిచిన యునైటెడ్ జట్టులో, తర్వాత పెద్ద ఆటగాళ్ళయిన గిగ్స్, బెక్‌హామ్, బట్, గ్యారీ నెవిల్ ఉన్నారు. అందరూ ఈ నలుగురినే చూపిస్తారు. అదే జట్టులో ఎడమ వైపు డిఫెండరుగా ఆడిన కుర్రవాడికి యునైటెడ్ పెద్ద జట్టులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. మరుసటి ఏడు ఇంకా విచిత్రం: తర్వాత పేరు తెచ్చుకున్న స్కోల్స్ కూడా చేరిన యునైటెడ్ జట్టు ఫైనల్లో లీడ్స్ అనే మరో క్లబ్ చేతిలో ఓడింది. పేరు మోసింది ఓడినవారే, గెలిచిన లీడ్స్ కుర్రాళ్ళు కాదు.

ఈసారి ఫోను చేసినప్పుడు 1993 ఫైనల్ ఎవరు గెలిచారని మీ మనవడిని అడిగి చూడండి. యునైటెడ్‌కు ఊళ్ళోనే ప్రత్యర్థి అయిన మాంచెస్టర్ సిటీ అభిమాని అయితే ఉత్సాహంగా చెబుతాడు. యునైటెడ్ అభిమాని అయితే ఫోను వాళ్ళ అమ్మకు ఇచ్చేస్తాడు.