మైక్రోకెర్నల్‌లో ట్రేసింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, విజయనగరంలో ఫైనల్ ఇయర్ చదువుతున్నానని, ప్రాజెక్టుకి గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, నడుస్తున్న సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో చూపే (అంటే ట్రేస్ చేసే) డీట్రేస్ అనే టూల్‌ని తేవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. నేను శ్రీకాకుళంలో మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ మీద దాదాపు ఏడాది ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. డీట్రేస్ మొత్తాన్ని తేవాలనుకోకు. 2005లో సోలారిస్ 10తో వచ్చిన ఆ టూల్‌కి సొంత భాష ఉంది, కెర్నల్ లోపల దాన్ని నడిపే చిన్న వర్చువల్ మెషిన్ ఉంది. ఒక్క సెమిస్టర్‌లో తెమిలే పని కాదు.

హర్డ్‌లో ఫైల్ సిస్టమ్, ప్రాసెస్‌ల లెక్క, నెట్‌వర్క్ అన్నీ వేరువేరు సర్వర్లు, అంటే కెర్నల్ బయట నడిచే మామూలు ప్రోగ్రాములు. కింద ఉన్న మాక్ అనే చిన్న కెర్నల్ (మైక్రోకెర్నల్ అంటే ఇదే) ముఖ్యంగా వాటి మధ్య మెసేజ్‌లు మోస్తుంది. తహసీల్దార్ ఆఫీసులో ఫైలు సంగతి నీకు తెలుసుగా. ఒక్కో సీటు దగ్గర పని పది నిమిషాలే, రోజులు గడిచేది ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి చేరడంలో. ఇక్కడా అంతే. కాబట్టి నువ్వు కొలవాల్సింది మెసేజ్ ఎక్కడ ఎంతసేపు ఆగిందనేది.

హర్డ్‌లో ఇప్పటికే ఈ మెసేజ్‌లను చూపే ఆర్‌పీసీట్రేస్ అనే టూల్ ఉంది. ముందు దాంతో వారం రోజులు ఆడుకో. అది ప్రోగ్రాముకీ సర్వర్‌కీ మధ్యలో కూర్చుని ప్రతి మెసేజ్‌నీ తన చేతుల మీదుగా పంపిస్తుంది. ఏ మెసేజ్ తర్వాత ఏది వెళ్లిందో చక్కగా తెలుస్తుంది గానీ, ఆ టైమ్‌లను నమ్మకూడదు. టైమ్ కావాలంటే కెర్నల్ లోపలే రాసుకోవాలి.

అక్కడే నేను దెబ్బతిన్నాను. కెర్నల్‌లో మెసేజ్ పంపే దారిలో ఒక ప్రింట్‌ఎఫ్ (ఒక లైను అచ్చువేసే ఆదేశం) పెట్టి, సీరియల్ కేబుల్‌తో చూశాను. 115200 బాడ్ అంటే సెకనుకి సుమారు 11,500 అక్షరాలు. 60 అక్షరాల లైను వెళ్లడానికే 5 మిల్లీసెకన్లు పడుతుంది. మెసేజ్ పనేమో మైక్రోసెకన్ల లెక్క. రెండు రాత్రులు నేను కొలిచింది నా ప్రింట్‌ఎఫ్‌నే. తర్వాత అది తీసేసి 32 బైట్ల రికార్డు పెట్టాను. సీపీయూ టైమ్ కౌంటర్ 8, థ్రెడ్ 8, పోర్టు (మెసేజ్ వెళ్లి చేరే పెట్టె లాంటిది) 8, మెసేజ్ నంబరు 4, ఏ ఘట్టమో 4. ముందే కేటాయించిన రింగ్ బఫర్‌లో (నిండితే మళ్లీ మొదటినుంచి రాసుకునే మెమరీలో) లక్ష రికార్డులు పెట్టినా 32 లక్షల బైట్లే. చదవడం మాత్రం ట్రేస్ ఆపాకే చెయ్యి, లేకపోతే చదివే ప్రోగ్రాము పంపే మెసేజ్‌లే బఫర్ నింపేస్తాయి. ఎస్ఈఎల్4 అనే ఇంకో మైక్రోకెర్నల్‌లో అయితే లాగ్ బఫర్‌కి కావలసిన మెమరీని కూడా యూజర్ ప్రోగ్రామే ఇస్తుంది. ఆ పద్ధతి ఒకసారి చూడు, బాగుంటుంది.

నిన్ను ఎక్కువగా తిప్పలు పెట్టేది పోర్టు పేర్లు. మాక్‌లో పోర్టు పేరు (అదొక అంకె) ఏ టాస్క్‌కి, అంటే నడుస్తున్న ఏ ప్రోగ్రాముకి, ఆ టాస్క్‌దే. ఒకే పోర్టు నీ ప్రోగ్రాములో 37 అయితే సర్వర్‌లో 112 కావచ్చు. నేను ఆ పేర్లే రాసుకుని, పంపింది, అందుకున్నది జత కలవక చాలా రోజులు టెన్షన్ పడ్డాను. కెర్నల్ లోపల ఆ పోర్టుకున్న అడ్రసు రాసుకో. ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరులా, అది ఏ టేబుల్ దగ్గరైనా ఒకటే. ప్రతి రిక్వెస్ట్‌తో పాటు జవాబు రావాల్సిన పోర్టు కూడా వెళుతుంది కదా, జత కట్టడానికి దాన్నే పట్టుకో. మెసేజ్‌లు పంపే, అందుకునే కోడ్‌ని తయారుచేసే టూల్ మిగ్. అది తయారుచేసిన కోడ్‌లో జవాబు నంబరు రిక్వెస్ట్ నంబరుకి 100 ఎక్కువ ఉంటుంది. 21000కి జవాబు 21100. దాంతో సరిచూసుకోవచ్చు.

పంపినప్పుడు, సర్వర్ అందుకున్నప్పుడు, జవాబు పంపినప్పుడు, జవాబు చేరినప్పుడు, ఈ నాలుగు చోట్లా రికార్డు పడితే ఎదురుచూపు వేరుగా, పని వేరుగా కనిపిస్తాయి. 400 ఫైళ్లున్న డైరెక్టరీలో ఫైళ్ల జాబితాను వివరాలతో చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్ కొట్టి చూశాను. అప్పటిదాకా డిస్కే నెమ్మది అనుకునేవాణ్ని. ఒక్కో ఫైలుకి పేరు వెతకడానికి ఒక మెసేజ్, వివరాలకి ఇంకొకటి, మొత్తం 800 దాటాయి. రెండోసారి కొట్టినప్పుడు డిస్క్ దాకా వెళ్లినవి దాదాపు లేవు, టైమ్ మాత్రం పెద్దగా తగ్గలేదు. అదంతా మెసేజ్‌ల రాకపోకలదే. ఆ గ్రాఫ్ స్క్రీన్ మీద వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే క్యూఈఎంయూలో ఒకే సీపీయూ ఇచ్చి మొదలుపెట్టు. జతలు కలవకపోతే నీ రికార్డు స్ట్రక్చర్ ఇక్కడే పెట్టు, సాయంత్రాలు చూస్తాను.